కాంతమ్మత్త మెత్తళ్ళ మీదికి నేను లేపిన అల

జాలరి ఇంట్లో పుట్టి, పట్టిన చేపల్ని తిరిగి గోదాట్లో వదిలినవాణ్ణి ఈ భూమ్మీద నేనొక్కణ్ణే అయ్యుంటాను. పోనీ అవి ప్రాణంతో ఉన్న చేపలైతే కాస్త పుణ్యమన్నా దక్కేది. ఉప్పు పట్టించి, నాలుగు రోజులు ఎండబెట్టిన చేపలండి! ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెప్తాను, మీరూ నవ్వుకోండి. మా ఊళ్ళో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

అప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు. భీమవరంలో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. నీళ్ళ ప్రవాహం గురించిన పేపరు రెండోసారి రాసి గట్టెక్కాను కాబట్టి, ఇక గోదారికే పాఠం చెప్పగలనన్న ధీమాలో ఉన్నాను. సెలవులకి నరసాపురం దగ్గర సత్యం మావయ్య ఇంటికెళ్ళాను. ఫోన్లో రాత్రీపగలూ వేక్‌బోర్డింగ్ వీడియోలే. అంటే మోటారు పడవకి కట్టిన తాడు పట్టుకుని, పలక మీద నిలబడి, పడవ వెనక లేచే అల మీద గెంతడం. మావయ్యకి పడవుంది, మోటారుంది, వల తాడుంది. పలకకి బదులు ఊడిపోయిన బాత్రూం పీవీసీ తలుపుంది. ఇంకేం కావాలి?

ఇంట్లో మాత్రం వేరే హడావుడి. మావయ్య కూతురు లక్ష్మి వదిన పురిటికొచ్చింది. మూడో నెల పాపని తీసుకుని మర్నాడే అత్తారింటికి బయల్దేరుతోంది. మాలో సారె అంటే చీరలు, ఆత్రేయపురం పూతరేకులతో పాటు బుట్టెడు ఎండు మెత్తళ్ళు ఉండాల్సిందే. అవీ కన్నతల్లి తన చేత్తో ఎండబెట్టినవే అవ్వాలి. కొన్నవి పెడితే వియ్యపురాలు వాసన చూసి పట్టేస్తుంది. అందుకని కాంతమ్మత్త రేవులో నీళ్ళకి రెండడుగుల ఎత్తున గట్టు మీద పరదా పరిచి, ఆ వేలెడు చేపలకి కర్ర పుచ్చుకుని నాలుగు రోజులుగా కాపలా కాస్తోంది.

మధ్యాహ్నం పడవ తీశాం. మావయ్య మోటారు దగ్గర, నేను తాడు చివర తలుపు మీద బోర్లా. వెనక లేచిన అల ఎంతనుకున్నారు? టీలో బిస్కెట్ ముంచితే లేచేంత.

"ఇదేం అల మావయ్యా?"

"మరేటనుకున్నావురా? అల లేస్తే చేప బెదురుద్ది. ముప్పయ్యేళ్ళ నుంచి అల లేపకుండా తోలడమే కదరా నా పని!"

"వెనక బరువెడితే పెద్దదవుద్ది. సైన్సు!"

ఖాళీ రొయ్యల మేత సంచుల్లో ఇసక నింపి నాలుగు బస్తాలు పడవ వెనక పెట్టాను. అల మోకాలెత్తు లేచింది. నాకు చాల్లేదు. ఇంకో నాలుగు బస్తాలు, తడి వల, నీళ్ళు నింపిన ఐసు పెట్టె కూడా ఎక్కించాను. పడవ ముక్కు ఆకాశానికి లేచింది.

"ఒరే అల్లుడూ, ఇది పడవలా లేదు, నాగలిలా ఉంది. గోదార్ని దున్నేస్తాదిరా."

"దున్ననీ! రేవు పక్కగా పోనియ్ మావయ్యా. వదిన వీడియో తీస్తాది."

నా తెలివి చూశారా? నది అంత వెడల్పుండగా నాకు రేవు పక్కనే కావాల్సొచ్చింది.

మావయ్య రేవు దగ్గర పడవ తిప్పాడు. నేను తలుపు మీద మోకాళ్ళ దాకా లేచాను, లేచినంత వేగంగా బొక్కబోర్లా పడ్డాను. జీవితంలో నేను లేపిన ఒకే ఒక్క గొప్ప అలని నేను చూడనే లేదు. వదిన వీడియోలో చూశాను. అందులో ముందు అల కనిపిస్తుంది, తర్వాత అత్త కాళ్ళు, తర్వాత ఆకాశం, చివరికి అత్త గొంతు.

కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నేను అలకి మందేస్తే పరదాతో సహా మెత్తళ్ళు ఊడ్చుకుపోయాయి. నీళ్ళలోంచి తల పైకెత్తేసరికి చుట్టూ చేపలే. ఒక్కటీ ఈదడం లేదు.

"ఒరే శ్రీనూ! నాలుగు రోజులు కాకుల్ని కాశాను, పిల్లుల్ని కాశాను. నిన్ను కాయాలని తట్టలేదు కదరా!" అంది అత్త. ఆవిడ కళ్ళలో నీళ్ళు చూసి నాకు నిజంగానే గోదాట్లో మునిగిపోవాలనిపించింది. కూతురు వట్టి బుట్టతో అత్తారింటి గడప తొక్కడం ఆవిడకి ఎంత తలవంపులో నాకు అప్పుడు తెలిసింది.

మావయ్య వియ్యంకుడికి ఫోన్ చేశాడు. "బావగారూ, రేపు రాలేమండి. సారె తడిసిపోయిందండి... అబ్బే, వాన కాదండి. మా మేనల్లుడండి."

మళ్ళీ మెత్తళ్ళు పట్టి ఎండబెట్టాలంటే నాలుగు రోజులు. పంతులుగారు పంచాంగం తిరగేసి, పాపని తీసుకెళ్ళడానికి మంచిరోజు తొమ్మిది రోజులు పోతే గానీ లేదన్నారు. ఈసారి కర్ర నా చేతికొచ్చింది. ఎండలో నేను కాకుల్ని తోలుతుంటే, నీడలో అత్త పాపని ఒళ్ళో వేసుకుని, కాళ్ళకి నూనె రాస్తూ, నన్ను తిట్టేది. రోజులు గడిచేకొద్దీ తిట్లు తగ్గాయి, నాకు పెట్టే కూర ముక్కలు పెరిగాయి. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. అంత హాయిగా తిట్లు తిన్న సెలవులు నాకు మళ్ళీ రాలేదు. ఇప్పటికీ ఎండుచేపల వాసన తగిలితే పసిపాప ఒంటి నూనె గుర్తొస్తుంది.

పదో రోజున వదిన బుట్టతో సహా బయల్దేరాక, గోదారమ్మ ముందు నిలబడి చెంపలేసుకున్నాను. ఇకపై నా మూలంగా స్నానాల బకెట్లో కూడా అల లేవదని ప్రమాణం చేశాను. ఇన్నేళ్ళూ ఆ మాట మీదే ఉన్నాను.

మొన్న వేసవిలో వదిన పుట్టింటికొచ్చింది. తిరుగు ప్రయాణం రెండు రోజులుందనగా అత్త నాకు ఫోన్ చేసింది.

"ఒరే శ్రీనూ, మెత్తళ్ళు రేవులో ఎండుతున్నాయి. నీ ఇసక బస్తాలు పాకలోనే దాచాను. ఓసారి వచ్చి వెళ్ళరాదూ?"