విచ్చుకున్నంత మేరకే

మా వదిన పోయిన కబురు నాకు ఫోనులో వచ్చింది. అప్పటికి నేను ఆవిడ మంచం పక్కనే కూర్చుని ఉన్నాను. ఆవిడ కూతురు తల్లి కళ్ళు మూసిన చెయ్యి ఇంకా తియ్యలేదు, నా జేబులో ఫోను టింగుమంది. ఇంటికొచ్చి చూసిన డాక్టరు గేటు దాటుతూ ఎవరితోనో అని ఉంటాడు. మా వీధి చివర ఉండే రిటైర్డ్ ఇంజనీరుగారు చోడవరం పెద్దమనుషుల వాట్సాప్ గ్రూపులో వెలుగుతున్న దీపం బొమ్మ, దాని పక్కన ఆపిల్ పళ్ళ బుట్ట బొమ్మ పెట్టి, "మన పళ్ళ మామ్మగారు ఇక లేరు, మనందరికీ మధుర ఫలాలు పంచిన మాతృమూర్తి" అని రాశారు. ఆ కింద చేతులు జోడించిన బొమ్మలు బారులు తీరాయి.

ఆ చేతుల్లో ఒక్కటి కూడా ఈమధ్య కాలంలో మా వదిన ఇచ్చిన పండు అందుకోలేదు. ఆపిల్ చెట్టు ఆవిడ జన్మలో చూడలేదు. అందుకని ఉన్నదున్నట్టు రాసే పని నా మీద పడింది. పుస్తకం పేజీలు కోయకుండానే ముందుమాట రాసిచ్చే మహానుభావుల మధ్య బతికినవాణ్ణి. చచ్చిపోయిన మనిషి గురించి కూడా వాళ్ళ చేతే రాయించడం నాకు ఇష్టం లేదు.

నేను హైస్కూల్లో ఉండగా దేవరాపల్లి వైపు పల్లె నుంచి మా అన్న భార్యగా వచ్చింది. అప్పటినుంచి చివరిదాకా నన్ను "ఒరే బాబూ" అనే పిలిచింది. నాకు మనవలు పుట్టాక కూడా. మా రెండిళ్ళకీ మధ్య నడుమెత్తు గోడ. అటు ఆవిడ పెరడు, ఇటు నా నులకమంచం. మా అన్న ఒకసారి కడియం నర్సరీలకి వెళ్ళినప్పుడు వరండాలో అందంగా ఉంటుందని కుండీలో ఒక మొక్క తెచ్చాడు. ఆకుల నిండా చిల్లులు. ఇప్పుడు ఆ మొక్కని మాన్‌స్టెరా అంటారు, బ్యాంకుల్లోనూ పెళ్ళి మండపాల్లోనూ ఉంటుంది, దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. మా వదిన దాని పేరు అడగలేదు. చిల్లులాకు అంది. అన్న పోయాక, కుండీలో ఇరుకుగా ఉందని తీసి మామిడిచెట్టు మొదట్లో పాతింది. అది చెట్టుని కావిలించుకుని పైకి పాకింది.

ఆ తర్వాత ఆవిడకి మొక్కల మీద ధ్యాస మళ్ళింది. కడియం వెళ్ళే వాళ్ళు ఎవరైనా సరే, ఒక వింత పండు మొక్క తెచ్చిపెట్టాలి. లక్ష్మణఫలం వచ్చింది, ముళ్ళ సంచిలా. కాండం మీదే నల్లటి గోలీల్లా కాయలు అంటుకునే జబోటికాబా వచ్చింది. గోడ మీద ప్యాషన్ ఫ్రూట్ తీగ. ఉడికించిన కోడిగుడ్డు పచ్చసొనలాంటి గుజ్జున్న పండొకటి. దాన్ని శుద్ధ శాకాహారి అయిన మా వదిన "గుడ్డు పండు" అని ఏ సంకోచమూ లేకుండా పిలిచేది. కోసిన కాయల్ని బియ్యం డ్రమ్ములో ముగ్గబెట్టేది. అన్నం వండుకోడానికి బియ్యం తీయబోతే డబ్బాకి ఏదో మెత్తగా తగిలేది. "తొందరేటి, రైలేటైనా ఎక్కాలా" అనేది, మూత తెరిచి చూడబోయిన వాళ్ళందరితో. నాతో ఎక్కువ అంది.

ఆ పెరటి మధ్యాహ్నాలు నాకు నిద్రలోనూ వస్తాయి. ఆకుల చిల్లుల్లోంచి పడిన ఎండ నేల మీద నాణేల్లా కదిలేది. పండిన లక్ష్మణఫలం వాసన గోడ దాటి వచ్చి నా చేతిలో పుస్తకం మీద కూర్చునేది. ఎన్ని మంచి పుస్తకాలు ఆ వాసన వల్ల నేను సగంలో ముడిచి పెట్టానో.

మధ్యలో ఒక జ్వరం వచ్చింది ఆవిడకి, ఊరందరికీ వచ్చినప్పుడే. తగ్గింది. తగ్గాక ఒకరోజు ఇద్దరం దేవరాపల్లి వెళ్ళే ఆటోలో కూర్చున్నాం, వాళ్ళ చెల్లెలి మనవడి అన్నప్రాసనకి. దారి పక్కన చెరుకురసం మరుగుతోంది. బెల్లం వండే వాసనకి ఆటోలో పసిపిల్ల కూడా నాలిక చప్పరిస్తోంది. మా వదిన బయటికి చూసి, "ఈ యేడు ఇంకా బెల్లాలు ఒండడం మొదలెట్టలేదేటిరా?" అంది.

పొగ ఆవిడ మొహం మీదుగానే వెళ్తోంది. నేను ఆవిడ మొహం కేసి చూశాను. ఆవిడ నా మొహం కేసి చూసింది.

వాసన పోయింది, దాంతో రుచీ పోయింది. మందులు వాడింది, రాలేదు. నాలిక మీద ఉప్పని ఉప్పుగా, పులుపుని పులుపుగా పట్టగలిగేది తప్ప, సీతాఫలానికీ సపోటాకీ తేడా లేకుండా పోయింది. ఇంకెవరైనా అయితే మొక్కలకి నీళ్ళు పెట్టడం మానేసేవారు. ఆవిడ గోడ దగ్గరికొచ్చి నన్ను పనిలో పెట్టుకుంది.

"ఇవతలికి రా. తిని సెప్పు."

"నన్నెందుకు అడుగుతావు వదినా, నీకు పళ్ళడిగే ఆడవాళ్ళు వీధి నిండా ఉన్నారు కదా" అన్నాను.

"ఆళ్ళు నోట్లో ఎట్టకముందే బాగుందంతారు. నువ్వు ఎవడి మొకం సూసీ అబద్దం ఆడవు. నీకాడున్న మంచిగుణం అదొక్కటే."

నా సమీక్షలు చదివి నాతో మాటలు మానేసిన రచయితలు విశాఖపట్నం నుంచి శ్రీకాకుళం దాకా ఉన్నారు. నా నోటి దురుసుతనానికి నా కన్నపిల్లలే పండగలకి ఫోను చేసి ఊరుకుంటారు. ఆ నోటికి ఉద్యోగం ఇచ్చిన మనిషి ఆవిడ ఒక్కత్తే.

ఉద్యోగం తేలిక కాదు. ఆవిడ పెరట్లో వేసిన మంచం మీద నడుం వాల్చి కళ్ళు మూసుకోవాలి. కళ్ళు తెరిస్తే రంగు చూసి చెప్తున్నానని ఒప్పుకునేది కాదు. ముక్క నోట్లో పెట్టేది. పీట మీద కూర్చుని అడిగేది. బాగుంది, బాలేదు అంటే కుదరదు. ఏ రుచికి దగ్గర, దాని పక్కన ఇంకేముంది, చివర్లో ఏం మిగిలింది అని అడిగేది. జబోటికాబాకి నేను నల్లద్రాక్ష అన్నాను. "ద్రాచ్చ సరే. పక్కనేటుంది?" పక్కన తాటిముంజె ఉంది, మరీ లేతది కాదు, కొంచెం ముదురు. "తొక్క?" తొక్కలో నేరేడు వగరు. నేను కళ్ళు తెరిచి చూస్తే, ఆవిడే కళ్ళు మూసుకుని ఉండేది. నోరు మెల్లగా కదిలేది. ద్రాక్ష, దాని పక్కన ముంజె, దాని చుట్టూ వగరు, తన చిన్నప్పటి వాటిని ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుని తింటోందని నాకు తెలిసేది. పండు నా నోట్లో ఉండేది. రుచి ఆవిడకి చేరేది. ఎన్నో భాషల్లోంచి వచ్చిన ఎన్నో పుస్తకాలు చదివాను. నా మాట ఒక మనిషి నాలిక మీద అలా కరగడం ఆ పెరట్లోనే చూశాను.

గుడ్డు పండు మొదటిసారి దారుణంగా ఉంది. గోడసున్నంలో చిలగడదుంప కలిపి పెట్టినట్టుందని చెప్పాను. మా వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వింది. "అయితే ఇంకా నాలుగ్రోజులు డ్రమ్ములో పడుండాలి" అంది. నిజమే, నాలుగు రోజులాగితే సున్నం పోయింది.

ఇక చిల్లులాకు సంగతి. మామిడిచెట్టు మీద పాకిన ఎన్నో ఏళ్ళకి దానికి తెల్లటి దొప్పలాంటి పువ్వు వచ్చింది, అందులోంచి ఆకుపచ్చ పొత్తులాంటి కాయ. ఏడాది పైన అలాగే ఉంది. ఈ కాయకి ఒక పద్ధతి ఉంది. అది కందకి చుట్టం. పచ్చిగా తింటే నోరు, గొంతు మండిపోతాయి. కోసి, కాగితం చుట్టి, చెంబులో నిలబెట్టాలి. కింది నుంచి పైకి రోజుకింత చొప్పున పైపెచ్చులు వాటంతటవే రాలతాయి. రాలిన మేరకే పండు. మిగిలింది ఆ రోజుకి ఇంకా పచ్చిదే.

ఆ మొదటి కాయని మా వదిన ఇంజనీరుగారి భార్యకి ఇచ్చింది. ఆ అమ్మాయి, మా వయసు వాళ్ళకి అమ్మాయే, పెరట్లోకొచ్చి చూసి ముచ్చటపడింది, అందుకని. నేను ఇటుపక్క మంచం మీద ఉన్నాను, ప్రతి మాటా విన్నాను. పెచ్చు రాలేదాకా ముట్టుకోవద్దు, కాగితం విప్పొద్దు అని మా వదిన చంటిపిల్లకి చెప్పినట్టు చెప్పింది.

కానీ పచ్చిగా ఇంటికొచ్చిన దేన్నయినా చింతపండూ బెల్లమూ ఆవపిండీ కలిసి లొంగదీస్తాయని మా వైపు ఆడవాళ్ళ గట్టి నమ్మకం. పనసపొట్టు లొంగింది, అరటిదవ్వ లొంగింది, కంద లొంగింది. ఆ అమ్మాయి దీన్ని కూడా ముక్కలు చేసి, పులుసు పెట్టి, ఆవ కలిపింది. ఇంజనీరుగారు మారడిగి వేయించుకున్నారు. సాయంత్రానికి గొంతు పట్టేసి, నాలిక వాచి, అనకాపల్లి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆ మర్నాడు మాట వస్తూనే మొదటి మాట, ముసలమ్మ విషం కాయ ఇచ్చిందని. కూరకే ఇచ్చారని భార్య చెప్పింది. భయం. నేను అర్థం చేసుకోగలను, క్షమించమంటే కష్టం.

వాకింగ్ గ్రూపులో చెప్పారు, గుళ్ళో చెప్పారు, రావికమతంలో వియ్యంకుడికి కూడా చెప్పారు. అప్పటినుంచి మా వదిన పంపిన పళ్ళెం వెళ్ళినట్టే తిరిగొచ్చేది. మీద కప్పిన ఆకు కూడా కదిలేది కాదు. "పిల్లలకి పడదండీ" అనేవారు. "ఈరోజు ఉపవాసమండీ" అనేవారు. ఆవిడ చేతి పండు తినొచ్చు అన్న పేరు ఒక్కటే ఆవిడ సంపాదించుకున్నది. అది పోయింది. చెట్ల కింద పళ్ళు కుళ్ళుతుంటే చూసి ఊరుకునేది.

నేను ఊరుకోలేదు. పేపరుకి రాస్తానన్నాను, ఆయన వాకిట్లో నిలబడి అడుగుతానన్నాను. మా వదిన గోడ మీద చెయ్యేసి, "వద్దన్నా ఇనకుండా పులుసెట్టిందని తెలిస్తే ఆ మనిసి ఆ పిల్లని బతకనీడు. ఆయన గొంతు తగ్గిపోద్ది, ఆ పిల్ల కాపరం రోజూ సెయ్యాల. నువ్వు నోరు మూసుకో" అంది. నా జీవితంలో నా నోరు మూయించిన మనిషి కూడా ఆవిడ ఒక్కత్తే.

ఈ యేడు రెండో కాయ ముదిరింది. మా వదిన మంచం పట్టింది. కూతురు విశాఖపట్నం నుంచి వచ్చి ఉంది. ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి కాయ కోయించింది. తను చూస్తుండగా కాగితం చుట్టించి, ఇత్తడి చెంబులో పెట్టించి, కిటికీ దగ్గర ఉంచమంది. రోజూ పొద్దున్న అటే చూసేది. పెచ్చు రాలలేదు.

"ఇచ్చుకున్నంత మేరకే తిను. ఎలాగుందో నానుంటే నాకు సెప్పు" అంది. ఊపిరి తీసుకుని, "లేకపోతే ఊరికి సెప్పు. పులుసు మాట మాత్తరం ఎత్తకు."

ఆవిడ పోయాక, ఇల్లంతా జనం ఉండగా, మొదటి పెచ్చు రాలింది. వదిన కూతురే చూసింది. "బాబాయ్, మొదలెట్టింది" అని నన్ను పిలిచి, చెంబు రెండు చేతులతో పట్టుకుని నిలబడిపోయింది.

పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక ఇంజనీరుగారు లేచి మాట్లాడారు. మధుర ఫలాలు అన్నారు, మాతృమూర్తి అన్నారు. నేను లోపలికెళ్ళి, అప్పటికి విచ్చుకున్న మేరకి ఒలిచి, వక్కముక్కలంత ముక్కలు పళ్ళెంలో పెట్టి తెచ్చి ఆయన ముందు పట్టాను. ఒక్క మాట అనలేదు. వదినకి ఇచ్చిన మాట అది. ఆయన పళ్ళెం చూశారు, గుర్తుపట్టారు, చెయ్యి గొంతు మీదికి పోయింది.

"షుగరండీ నాకు" అన్నారు. చుట్టూ ఉన్న వాళ్ళంతా చేతులు వెనక్కి పెట్టుకున్నారు.

ఆడవాళ్ళ వరసలోంచి ఆయన భార్య లేచి వచ్చింది. ఒక ముక్క తీసుకుని నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఎవరూ చెప్పకుండానే కళ్ళు మూసుకుంది. మూసిన రెప్పల కింద నుంచి నీళ్ళు కారాయి.

"అయ్యో, దీన్నా నేను పులుసు పెట్టేను" అంది.

వాకిలంతా వినపడేటట్టే అంది. ఇంజనీరుగారు ఆవిడ వైపు తిరిగారు. "పండేదాకా ఉంచమనే చెప్పేరండీ పెద్దమ్మగారు. నేనే వినలేదు. మీతో చెప్పడానికి భయపడ్డాను" అంది, ఆయన కళ్ళలోకి చూస్తూనే. ఇంకో ముక్క తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన చాలాసేపు దాన్ని అరచేతిలోనే ఉంచుకున్నారు. తిన్నారో లేదో నేను చూడలేదు. అప్పటికి పళ్ళెం నా చేతిలోంచి ఎవరో అందుకున్నారు, ఖాళీగా తిరిగొచ్చింది.

కనుక ఆ మాట ఇప్పుడు ఊరందరిదీ, నేను ఎత్తినట్టు కాదు. నాకు అప్పగించిన రెండో పని చేస్తున్నాను. ఊరికి చెప్తున్నాను. ముందు అనాస. పులుపు తీసేసిన అనాస. దాన్ని అంటిపెట్టుకుని చక్రకేళి, బాగా మాగింది. పక్కన పనసతొన ఉంది, కానీ నోట్లో కాదు, పక్కింట్లో ఎవరో పనసపండు కోస్తుంటే వచ్చినంత. చివర్లో నాలిక కొసన చిన్న చురుకు, తొందరపడ్డావా అని అడిగినట్టు.

చెంబు ఇప్పుడు నా కిటికీలో ఉంది. కింద సగం అయిపోయింది, పై సగం ఇంకా పచ్చగా, బిగించుకుని ఉంది. మధ్యాహ్నం మంచం మీద కళ్ళు మూసుకుని పడుకుంటాను. చెరుకు తోటల వైపు నుంచి బెల్లం వాసన వస్తూ ఉంటుంది. గోడ అవతల మామిడిచెట్టు మీద చిల్లుల ఆకులు గాలికి ఒకదానికొకటి రాసుకుంటాయి. ఎప్పుడో, నిద్ర పట్టబోతుండగా, కింద పెట్టిన స్టీలు పళ్ళెంలో పెచ్చు ఒకటి రాలిన చప్పుడు.