కుళాయి కింద పోయిన రంగు

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. బరువు అంటారు గానీ, ఇప్పుడు నాకు బరువు కూడా తెలియడం లేదు. మొద్దుబారిపోయింది. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను.

రాజమండ్రిలో పరిశోధన చేసేదాన్ని. ఉప్పాడ వైపు రొయ్యల చెరువుల పైపుల్లో జిగురులా పేరుకుపోయే ఒక బాక్టీరియా ఉంది. మడచెట్టు ఆకు రసం కలిపితే అది పైపుకి అంటుకోదని నేను నిరూపించాలి. పరీక్ష చిన్నదే. చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పళ్లెంలో, ఒకవైపు గుంటల్లో రసం వేసి, రెండోవైపు వేయకుండా బాక్టీరియాను పెంచి, నీళ్లతో మెల్లగా కడిగి, ఊదారంగు వేస్తాం. బాక్టీరియా అంటుకున్నచోట రంగు నిలుస్తుంది. ఎనిమిది నెలలపాటు నా పళ్లెంలో రెండువైపులా రంగు నిలుస్తూనే ఉంది. రసం పనిచేయడం లేదన్నమాట.

ఒకరోజు రసం వేసిన గుంటల మీద కుళాయి ధార జోరుగా పడింది. బాక్టీరియా కొట్టుకుపోయింది. రంగు పట్టలేదు. మా ప్రొఫెసర్ గారు పళ్లాన్ని కిటికీ వైపు ఎత్తి చూసి, నా హస్తవాసి మంచిదని మురిసిపోయారు. మొదటిసారి పొరపాటే. రెండోసారీ మూడోసారీ కుళాయి గట్టిగా తిప్పింది నేనే, అదీ రసం వేసిన వైపే. ఎందుకు? భయమా? ఆ మెచ్చుకోలు మీద ఆశా? ఎన్నిసార్లు నన్ను నేను ప్రశ్నించుకున్నా దొరికే జవాబు ఒక్కటే: తిప్పుతున్నప్పుడు నాకేమీ అనిపించలేదు. వ్యాసం అచ్చయింది. పట్టా వచ్చింది. కాలేజీలో ఉద్యోగమూ వచ్చింది.

నా తర్వాత ఆ లాబ్‌లో దుర్గ చేరింది. మండపేట పిల్ల. తండ్రి రైసుమిల్లులో బస్తాలు మోసేవాడు. నా ఫలితం మీదే ఆమె పనంతా నిలబడాలి. ఏడాదిన్నర గడిచినా ఆమె పళ్లెంలో రంగు పోలేదు. ఒక మధ్యాహ్నం నన్ను వెతుక్కుంటూ కాలేజీకి వచ్చింది.

"అక్కా, మీరెలా కడిగేవారండీ? ఏదైనా కిటుకుంటే చెప్పండక్కా. సార్ నా చెయ్యి మంచిది కాదంటున్నారండి."

"కిటుకేం లేదమ్మా. మెల్లగానే కడిగేదాన్ని. నువ్వే ఎక్కడో తేడా చేస్తున్నావు."

"అయ్యుంటుందండి," అంది. టీ తాగి, గ్లాసు తనే కడిగిపెట్టి వెళ్లింది.

ఆ నెలలోనే మానేసింది. ఎవరికైనా పనికొస్తుందేమోనని తన నోటుపుస్తకం నాకు పంపింది. చేసిన ప్రతి పరీక్షా అందులో ఉంది. ప్రతిదాని కిందా ఒకే మాట, రంగు నిలిచింది అని. ఒక్కటి కూడా దిద్దలేదు. దిద్ది ఉంటే ఈపాటికి ఆమెకీ పట్టా వచ్చేదేమో. చివరి పేజీలో మాత్రం, తప్పు నా చేతిదే, అని రాసుకుంది.

ఆ పుస్తకం నా బీరువాలో ఉంది. తిరిగి పంపే ధైర్యం లేదు, పారేసే ధైర్యమూ లేదు. దుర్గ మళ్లీ ఏ లాబ్ గడపా తొక్కలేదని విన్నాను. క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీరు ఇవ్వగలిగేది కాదు. రెండు వాక్యాలు రాయాలని కూర్చున్నాను, అవి రాస్తే ఊపిరి కొంచెం ఆడుతుందనిపించింది.

ఆమె చెయ్యి మంచిదే. గట్టిగా కడిగింది నేను.