రెండు సీట్ల కారు, ఒళ్లో స్టెప్నీ

ఆ రోజుల్లో, అంటే నెత్తిన జుట్టూ బుర్రలో గర్వమూ రెండూ ఒత్తుగా ఉన్న రోజుల్లో, నేనొక ఎర్రటి స్పోర్ట్స్ కారు కొన్నాను. మగవాడికి ఉద్యోగం వచ్చి ఇంకా పెళ్లి కాని ఆ రెండు మూడేళ్లూ తెలివి సెలవు మీద ఉంటుందని నా గట్టి నమ్మకం. బిలాస్‌పూర్‌లో అసిస్టెంట్ లోకో పైలట్‌గా, అంటే ఇంజన్లో పెద్ద డ్రైవరు పక్కన కూర్చుని సిగ్నళ్లు పైకి చదివే చిన్న డ్రైవరుగా చేరి అప్పటికి రెండేళ్లు. బొగ్గు కాంట్రాక్టరొకాయన మోజుపడి ఆ కారు కొనుక్కుని, తరవాత పొట్ట పెరిగి, ఎక్కితే దిగలేక దిగితే ఎక్కలేక నాకు అంటగట్టాడు. (అంటగట్టాడని ఇప్పుడంటున్నాను గానీ, అప్పుడు మాత్రం ఆయన నాకు సాక్షాత్తూ దేవుడిలా కనిపించాడు.) రెండే సీట్లు. నేలకి జానెడెత్తు. మా తార్‌బహార్ పేట సందుల్లోంచి ఇంటికి తెస్తుంటే ఆవులు పక్కకి తప్పుకోవడం మానేసి, తలలు వంచి లోపల ఎవరున్నారా అని చూశాయి.

నా సరదా కోసమే కొన్నానని అందరూ అనుకున్నారు. అందులో ముప్పాతిక వంతు నిజమే. మిగతా పావు వంతు నాన్న కోసం. ఆ సంగతి సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు. నాన్న గూడ్సు గార్డుగా చేసి ఆ ఏడే రిటైరయ్యాడు. గార్డంటే రైలుకి అన్నిటికన్నా చివరి పెట్టెలో ఒంటరిగా కూర్చుని, వెనక్కి పోతున్న పట్టాల్ని చూసే మనిషి. (ఈ మధ్య ఆ ఉద్యోగానికి ట్రైన్ మేనేజర్ అని పేరు మార్చారు. పెట్టె మాత్రం అదే, చివరిదే.) బిలాస్‌పూర్ నుంచి పెండ్రా రోడ్డు వైపు కొండెక్కే లైన్లో ముప్పై నాలుగేళ్లు తిరిగాడు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో అదే కొండని ఇంజన్లోంచి చూసొచ్చి, “నాన్నా, ఆ సొరంగం ముందు మలుపు ఎంత బాగుందో!” అన్నాను. “అచ్ఛా? మాకది ఎనక నుంచే తెలుసురా” అన్నాడు. ఆయన మామూలుగానే అన్నాడు. నాకే గుండెలో కలుక్కుమంది. ఊళ్లో సైకిలు తొక్కేటప్పుడు ముందుకే చూస్తాడు లెండి, కాదనను. కానీ జీవితమంతా ఎక్కి దిగిన ఆ కొండ ఎదురొస్తుంటే ఎలా ఉంటుందో ఆయనకి తెలియదు. ఒక్కసారి నాన్నని ముందు సీట్లో కూర్చోబెట్టి ఆ కొండ ఎక్కించాలి, పైన నర్మద పుట్టిన అమర్‌కంటక్ చూపించాలి అని నాకు పట్టుదల వచ్చింది.

అమ్మ సంబరపడింది. “నర్మదమ్మ నీళ్లు ఓ సీసాడు తెండి” అని పులిహోరకి చింతపండు నానబెట్టేసింది. తను మాత్రం రానంది. “ఇదేటి కారురా బాబూ? పీట మీద కూకున్నట్టున్నాది. నా నడుం పట్టీసిందంటే మళ్లీ మీరే మొయ్యాల” అంది. అంతా కుదిరిందనుకుంటుండగా నాన్న కారు చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి, వంగి, లేచి, అడగకూడని ప్రశ్న అడిగాడు.

“స్టెప్నీ ఏదిరా?”

స్టెప్నీ ఉంది. కారులో లేదు. కాంట్రాక్టరు విడిగా ఇచ్చిన ఆ చక్రం మా మంచం కింద ఉంది. ఆ కారు డిక్కీలో ఒక టిఫిన్ క్యారియరు, రెండు తువ్వాళ్లు పెడితే మూత పడదు. అందుకని నేను గారడీవాడి ఫోజులో ఒక డబ్బా తీసి చూపించాను. పంక్చరైతే ఈ డబ్బాలోని నురగ టైరులోకి కొడితే చాలు, కన్నం దానంతటదే పూడిపోతుంది అన్నాను.

“నురగా?” అన్నాడు నాన్న. “నురగని నమ్ముకుని కొండెక్కుతావేటి?”

“కారు తేలిగ్గా ఉండాలని కంపెనీవాళ్లే స్టెప్నీకి చోటు తీసేశారు నాన్నా. పెద్ద పెద్ద ఇంజనీర్లు ఆలోచించి చేసిన పని.”

“ఆ ఇంజనీర్లు కేందా ఘాటు రోడ్డు ఎక్కినారేటి?”

ఇక్కడ ఆయన తరఫున ఒక మాట చెప్పాలి. గార్డు డ్యూటీకి వెళ్తే వెంట ఒక ఇనప పెట్టె వెళ్తుంది. అందులో జెండాలు, దీపం, ఆపదొస్తే పట్టాల మీద పెట్టే టపాకాయలు ఉంటాయి. ఆ టపాకాయలు ఆయన ఉద్యోగం మొత్తంలో ఎన్నిసార్లు పేల్చాడో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయినా ఆ పెట్టె ఎక్కందే బండి కదలదు. అలా బతికిన మనిషికి నురగ డబ్బా చూపించడం నాదే తప్పు. అప్పుడు మాత్రం నాకు ఒళ్లు మండింది. “నీ చాదస్తంతో చంపుతున్నావు నాన్నా!” అని అరిచాను కూడా.

ఆయనకి కోపం రాలేదు. అదే వచ్చిన చిక్కు. కాసేపు ఆలోచించి, “అచ్ఛా, ఓ పని చేద్దాం. స్టెప్నీని నీ పక్క సీట్లో ఎట్టీ. నేను రైల్లో పెండ్రా రోడ్డు వచ్చీసి స్టేషన్లో నిల్చుంటాను. పాసున్నాది కదా” అన్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఎవరి కోసం ఈ సీటు కొన్నానో ఆయనే దాన్ని చక్రానికిచ్చేసి, మళ్లీ రైలెక్కుతానంటున్నాడు. నేను మొహం మాడ్చుకుని అన్నం తినకుండా కూర్చుంటే అమ్మ వచ్చి ఇద్దరికీ తీర్పు చెప్పింది. “మీ గోలేటి? చక్రాన్ని మీ నాన్న ఒళ్లో ఎట్టుకుంటాడు. నిన్ను ఎట్టుకోలేదేటి? నువ్వు తన్నీవోడివి కూడాను.”

అలా బయల్దేరాం. ఒళ్లో పడుకోబెడదామంటే డాష్‌బోర్డు అడ్డం, అందుకని పాత దుప్పటి చుట్టి మోకాళ్ల మధ్య నిలబెట్టుకున్నాడు. అసలే సీటు పల్లం, ఆపైన చక్రం. నాన్న నుదురు, కళ్లజోడు పైన అంచు తప్ప బయటివాళ్లకి ఏమీ కనిపించదు. రతన్‌పూర్ దగ్గర స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా కారు పొట్ట గరగరా రాసుకునేది, “దిగనా?” అని చక్రం వెనక నుంచి గొంతు వినిపించేది. నాకు ఆయన సుఖం కన్నా ఆయన చూపు మీదే ధ్యాస. “నాన్నా, కనిపిస్తోందా?” అని అడుగుతూనే ఉన్నాను. దుప్పటి కొంచెం తప్పించి రిమ్ము సందుల్లోంచి చూసి, నన్ను నొప్పించకుండా, “ఆఁ, ముక్కలు ముక్కలుగా కనబడతన్నాది” అన్నాడు. అప్పుడు నాకు ఆ చక్రం మీద వచ్చినంత కోపం నా జన్మలో ఏ మనిషి మీదా రాలేదు.

కేందా దాటి ఘాట్ ఎక్కుతుండగా రెండో మలుపులో ఏదో రాయి కోసుకుని ముందు టైరు చప్పబడిపోయింది. నా నురగ డబ్బా తీశాను. టైరులోకి వెళ్లినంత నురగా టైరు పక్కనున్న చీలికలోంచి తిరిగి నా చొక్కా మీదికి వచ్చింది. “చెప్పానా?” అన్న మాట కోసం చెవులు మూసుకుని ఎదురుచూశాను. నాన్న ఆ మాట అనలేదు. చక్రాన్ని తన సీట్లో ఆనించి, భుజం మీద ఎర్ర తువ్వాలు చేతిలోకి తీసుకుని, “నువ్వు ముందు చూసుకో, నేను ఎనక చూత్తాను” అని వచ్చిన దారినే దిగువకి నడిచి వెళ్లిపోయాడు.

రైల్వేలో ఒక పద్ధతి ఉంది. బండి నడిదారిలో ఆగిపోతే గార్డు వెనక్కి నడిచి, పన్నెండు వందల మీటర్ల అవతల నిలబడి, వెనక వచ్చే బండిని ఆపాలి. చిన్న డ్రైవరు ముందుకి నడిచి ఎదురొచ్చే బండిని ఆపాలి. ఇది మాకు నిద్రలో లేపి అడిగినా చెప్పేంతగా నూరిపోస్తారు. మీరు నవ్వినా సరే, నిజం చెప్తున్నాను, నేను కూడా తలమీది ఎర్ర టోపీ తీసి చేత్తో పట్టుకుని, అడుగులు లెక్కపెట్టుకుంటూ ముందుకి నడిచాను. రెండు మలుపులు దాటాను. రోడ్డు పక్కన ఇప్పపూలు ఏరుకుంటున్న ఒక ముసలమ్మ నా నడకా టోపీ చూసి, “కోన్ ఆవత్ హే బాబూ?” అని అడిగింది. ఎవరొస్తున్నారని. ఎవరూ రావడం లేదు. అప్పుడు వెలిగింది నాకు. ఇది రోడ్డు. మా బండిని నలుగురు పట్టి పక్కకి తోసెయ్యొచ్చు. దానికి కాపలాగా తండ్రీ కొడుకులం చెరో దిక్కుకీ కిలోమీటరు దూరం వెళ్లిపోయాం. కారు దగ్గర పురుగు లేదు.

పురుగు లేదు గానీ, పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి మూడు కొండముచ్చులున్నాయి. రెండు నా సీట్లో కూర్చుని పులిహోర పంచుకుంటున్నాయి. మూడోది, అన్నిటికన్నా పెద్దది, నాన్న సీట్లో స్టెప్నీ మీద ఎక్కి, రెండు చేతులూ డాష్‌బోర్డు మీద పెట్టి, అద్దంలోంచి ముందున్న కొండని తీరిగ్గా చూస్తోంది. నెలల తరబడి నేను నాన్న కోసం కన్న కలని అది అనుభవిస్తోంది! నాకు నవ్వొచ్చిందా, ఏడుపొచ్చిందా అంటే రెండూ వచ్చాయి. కిటికీలోంచి చెయ్యి పెట్టి హారన్ నొక్కాను. గార్డుని వెనక్కి పిలవడానికి ఇంజను కూత ఎలా వేస్తామో అచ్చం అలాగే, పొడుగ్గా, ఆగి ఆగి. కొండముచ్చులు క్యారియరుతో సహా చెట్టెక్కేశాయి.

కాసేపటికి మలుపులో నాన్న కనిపించాడు. ఒక్కడే కాదు. ఆయన ఎర్ర తువ్వాలు పట్టుకుని ముందు నడుస్తుంటే, వెనక పెండ్రా వెళ్లే బస్సొకటి, దాని వెనక రెండు లారీలు నడక వేగంతో వస్తున్నాయి. బస్సు డ్రైవరు “కా హోగే కకా?” (ఏమైంది బాబాయ్) అని ఎన్నిసార్లు అడిగినా నాన్న “ముందు లైను క్లియర్ లేదు” అని ఒకటే జవాబు చెప్పి అరగంట సేపు అందరినీ ఆపేశాడట. డ్రైవరు దిగి నా కారు చూసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. “ఇతనీ సీ గాడీ? మై సమ్‌ఝా పూరీ రేల్ పలట్ గయీ!” రైలే పడిపోయిందనుకున్నాడు పాపం.

“ఇంతసేపు ఎందుకు ఆపావు నాన్నా? వాళ్లనే తీసుకొచ్చేస్తే పోయేది కదా!” అన్నాను సిగ్గుతో చచ్చిపోతూ.

“నువ్వు పిలవకుండా ఎలా వత్తానురా? నేను వచ్చీస్తే ఎనక ఎవడు చూత్తాడు?”

తిట్టుకుంటూ దిగిన బస్సు జనం కారుని చూశాక నవ్వడం మొదలుపెట్టారు. జాకీ లేదని తెలిసి ఇంకా నవ్వారు. (స్టెప్నీ గురించి అంత పోట్లాడిన మేము, జాకీ ఉందా అని ఒక్కరం కూడా చూసుకోలేదు.) పదిమంది కలిసి ముందు భాగాన్ని మోకాలెత్తుకి లేపి పట్టుకుంటే, డ్రైవరు రెండు నిమిషాల్లో చక్రం మార్చేశాడు. ఇక మిగిలింది ఆ చీలిన చక్రం. నాన్న అలవాటుగా సీట్లో కూర్చుని, దాని కోసం చేతులు చాచాడు. డ్రైవరు, “ఇది నా బస్సు టాపు మీద వేసెయ్ కకా, పైన గౌరేలా ఊళ్లో పంక్చర్ షాపులో దింపేస్తా, మీరు తీరిగ్గా వచ్చి తీసుకోండి” అన్నాడు హిందీలో.

నాన్న ఆలోచనలో పడ్డాడు. చీలినదైనా అదొక చక్రం. దాన్నిచ్చేస్తే స్టెప్నీ అన్న మాటే లేకుండా మిగతా కొండంతా ఎక్కాలి. ఆయన మొహం చూస్తే నాకు జాలేసింది. ఇందాక అరిచినందుకు సిగ్గేసింది. “ఫరవాలేదు నాన్నా, ఒళ్లోనే పెట్టుకో” అన్నాను. అని ఊరుకోక, ఆయన్ని నవ్విద్దామని కొండముచ్చు సంగతి చెప్పాను, అది ఆయన సీట్లో ఎలా కూర్చుందో, ఏం చూసిందో అంతా.

నాన్న నవ్వలేదు. అద్దంలోంచి ముందుకి చూశాడు. “కోతి చూసింది. నేను చూడకూడదేటి?” అని, చాచిన చేతులు వెనక్కి తీసుకున్నాడు. “బస్సుకిచ్చీ.”

మిగతా దారి నేను ఎంత నెమ్మదిగా నడిపానంటే, లారీలు మమ్మల్ని దాటుకుని పోయాయి. నాన్న మొదట సీటు అంచు పట్టుకుని కూర్చున్నాడు. సాల చెట్లు రెండు వైపులా కమ్ముకున్న ఒక మలుపు తిరగ్గానే ఎదురుగా కొండ మొత్తం ఒక్కసారి లేచి నిలబడింది. నాన్న పట్టు వదిలేశాడు. “ఒరే, ఇలా వత్తాదేట్రా?” అన్నాడు. కళ్లజోడు పైకి తోసుకుని, “నాకు ఊర్లన్నీ ఎళ్లిపోతానే తెలుసురా. ఎదురొత్తా ఎప్పుడూ చూళ్ళేదు” అన్నాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. దుమ్ము పడిందని కారు ఆపి తుడుచుకున్నాను. “స్టెప్నీ లేదు కదా నాన్నా, భయంగా లేదా?” అని అడిగితే, “ఉండనీరా, తొందరగా పోనీ. ఆ మలుపు కాడ ఏటుందో చూద్దాం” అన్నాడు. అమ్మకి నర్మద నీళ్లు తెచ్చాం. సీసా ఇస్తూ నాన్న పది మలుపుల గురించి చెప్పాడు, నది గురించి ఒక్క ముక్కా చెప్పలేదు.

ఆ కారు ఇప్పుడు నా దగ్గర లేదు. పెళ్లయింది, పిల్లలు పుట్టారు, ఐదుగురు పట్టే మామూలు కారు వచ్చింది. అందులో ముందు సీటు నాన్నది. ఎవరూ ఆయనకివ్వలేదు, ఆయనే ఎక్కి కూర్చుంటాడు, నా భార్య పిల్లలతో వెనక సర్దుకుంటుంది. నేనేమో బయల్దేరే ముందు డిక్కీ తెరిచి స్టెప్నీలో గాలి, జాకీ, తాడు, టార్చి అన్నీ చూసుకోందే బండి ఎక్కను. ఆ ఒత్తు జుట్టు కుర్రాడు ఇప్పుడు నన్ను చూస్తే పగలబడి నవ్వుతాడు. మొన్న ఆదివారం కూడా నేను డిక్కీలో తల దూర్చి స్టెప్నీ నొక్కి చూస్తుంటే, నాన్న కిటికీలోంచి తల బయట పెట్టి కేకేశాడు. “ఎంతసేపురా నీ చాదస్తం? ఏటీ అవదు గానీ, రా. ముందు మబ్బు పట్టి ఎంత బాగున్నాదో!”

నేను డిక్కీ మూసి, నవ్వుకుంటూ వచ్చి కూర్చున్నాను.