ముగోయ బావ ఆపని పాట లేదు

మా ముగోయ బావ దేన్నైనా మధ్యలో ఆపకుండా ఉండలేడు. ప్రార్థనలో పాస్టరుగారిని ఆపాడు. ఇగంగా రోడ్డు మీద జనంతో కిక్కిరిసిన వ్యానును, కోడిపెట్ట దాటుతోందని ఆపాడు. చివరికి తన పెళ్ళి మాటలను కూడా తనే ఆపుకున్నాడు. మా అక్కను అడగడానికి వచ్చిన రోజు మా నాన్న లేచి నిలబడి మా వంశంలో పెద్దల పేర్లు వరసగా చెబుతున్నాడు. ముత్తాత దాకా వచ్చాడో లేదో, చాప మీద కూర్చున్న పెళ్ళికొడుకు "ఆపండి, నా కింద చీమలున్నాయి" అన్నాడు. చాపలన్నీ దులిపారు. ఒక్క చీమ దొరికితే ఒట్టు. "ఇలాంటివాడికా పిల్లనిచ్చేది?" అని మా బాబాయి అలిగి బయటికి పోయాడు.

మాది సొరబూరల బృందం. ఎండు సొరకాయలతో చేసిన ఆ బూరలను బిగ్వాల అంటాం. అయిదుగురం, అయిదు బూరలు. ఒక్కో బూర ఒక్కటే స్వరం పలుకుతుంది. ఎవరి వంతు వాళ్ళు అందుకుంటేనే పాట, ఒకడు తప్పాడా, పన్ను ఊడిన నోరే. మా చుట్టూ ఆడవాళ్ళు నడుం తిప్పుతూ ఆడతారు. అన్నిటికంటే చిన్న బూర మా వంబి అన్న ఊదుతాడు. ఎనభై ఏళ్ళ మనిషి, పాట ఎత్తేది ఆయనే. అన్నిటికంటే పెద్ద బూర మా బావది.

కంపాలా నుంచి నైగాగ అనే అమ్మాయి మా మీద సినిమా తీస్తానని వచ్చింది. మేం పోతే పాటా పోతుందని ఆ పిల్ల బెంగ. అందుకని పాట మొత్తం ఒక్క బిగిన, ఎక్కడా తెగకుండా తీయాలని పట్టు. చేతిలో ఉన్నది మూడు రోజులు.

మొదటి రోజు వంబి అన్న పాట ఎత్తాడు. మేం అందుకున్నాం. నాలుగు చుట్లు తిరిగేసరికి "ఆపండి, నా బూర ఎండిపోయింది" అన్నాడు బావ. నీళ్ళు పోసి తడిపాం. మళ్ళీ ఎత్తాం.

"ఆపండి, ఆ మేక కెమెరా వంక చూస్తోంది."

"చూస్తే నీకేం బావా?"

"నాకేం లేదు. సినిమాలో అది నాకంటే బాగా పడుతుంది."

మేకను తోలాం. మళ్ళీ ఎత్తాం. "ఆపండి, ఆ చివరి ఆవిడ నడుం ఎడమకి తిప్పుతోంది" అన్నాడు. ఆ చివరి ఆవిడ మా అక్కే. "నలభై ఏళ్ళుగా ఎడమకే తిప్పుతున్నా. తమరికి ఇవాళ కనబడిందా?" అంది.

రెండో రోజు ముగిసేసరికి పదకొండుసార్లు ఆపాడు. నైగాగ నన్ను పక్కకు పిలిచింది.

"మామయ్యా, ఇంక రేపొక్క రోజే. ఆయన బూర వేరేవాళ్ళకిద్దాం."

ఆ బూర తీసేస్తే మా బావ మంచం పడతాడు. అయినా నాకూ విసుగొచ్చి ఉంది. "నేనే చెబుతాలే. ముందు తీసినదాంట్లో ఆయన నిర్వాకం చూడనీ" అన్నాను. ఇద్దరం కెమెరా ముందేసుకుని కూర్చున్నాం. మూడో "ఆపండి" దగ్గర ఆ పిల్ల తెర మీద వేలు పెట్టింది.

బావ మా అక్క నడుం చూడటం లేదు. అంతకుముందు మేకనూ చూడలేదు. చూస్తున్నది వంబి అన్న భుజాలను. అవి ఎగసిపడటం మొదలవగానే "ఆపండి". పదకొండుసార్లూ అంతే. మేం మేకను తోలుతూ, బావను తిడుతూ ఉంటే, వెనక వంబి అన్న పీట మీద కూర్చుని ఊపిరి తీసుకుంటున్నాడు. ఆయనకు ఊపిరి చాలడం లేదని తెలిస్తే కొడుకులు బూర అటకెక్కిస్తారు. దగ్గు వచ్చినందుకే పోయినేడు సైకిలు దాచేశారు.

నాకు చీమలు గుర్తొచ్చాయి. ఆ రోజు చాపలు దులుపుతున్నప్పుడు మా మేనత్త వంగి, నాన్న చెవిలో ముత్తాత పేరు చెప్పింది. నా కళ్ళతో చూశాను. నలభై ఏళ్ళలో ఒక్కసారైనా ఈ రెండూ కలిపి ఆలోచించలేదు. నా మొద్దుతనానికి సిగ్గేసింది.

మూడో రోజు నైగాగ అందరికీ దణ్ణం పెట్టింది. "పెద్దలు ఏమీ అనుకోవద్దు. కెమెరా బ్యాటరీ పాడైంది. రెండు నిమిషాలకోసారి ఆపాలి." పాట మొదలైంది. బావ నోరు తెరవబోయేంతలో ఆ పిల్లే "ఆపండి" అంది. ఆయన తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. రోజంతా అదే వరస. మధ్యాహ్నం చిలగడదుంపలు వేరుశనగ పులుసులో అద్దుకుంటూ, "బామ్మర్దీ, ఈ పిల్లకి పని రాదు. ఊరికే ఆపేస్తుంది" అన్నాడు నాతో.

రెండు నెలల తర్వాత చర్చి హాల్లో, కిటికీలకు దుప్పట్లు కట్టి సినిమా వేశారు. నైగాగ ముక్కలన్నీ ఎలా అతికించిందో ఏమో, అతుకు ఎక్కడా కనబడలేదు. తెర మీద వంబి అన్న పాట ఎత్తాడు. వెనక వరసలో ఆయన కొడుకులిద్దరూ ఈలలేశారు. ఒక చుట్టు, రెండు, మూడు, నాలుగు.

ముందు వరసలోంచి బావ లేచి నిలబడ్డాడు.

"ఆపండి."

హాలంతా ఉసూరుమంది. పక్కనున్న వంబి అన్న, బావ చొక్కా పట్టి లాగాడు.

"కూర్చోరా ముగోయా. అక్కడ నాకు ఊపిరి సరిపోతోంది."

బావ మెల్లగా కూర్చున్నాడు. తెర మీద అయిదో చుట్టు దాటింది, ఆరో చుట్టూ దాటింది.

"నీకు తెలుసా అన్నా?" అన్నాడు, గొంతు తగ్గించి.

"మేక చెప్పిందిలే" అన్నాడు వంబి అన్న, తెర మీంచి చూపు తిప్పకుండానే.