దూపకు సున్నా

నిన్న ఆఫీసులో నా పరువు తీసింది ఎవరో కాదు, నా నోరే! ఛాయ్ చల్లారేలోపు చెప్పేస్తా, వినండి.

నిన్న బంద్ కదా, పైగా రైల్ రోకో. లింగంపల్లిలో ఎంఎంటీఎస్ కదల్లేదు, ఆటోలు లేవు. మాదాపూర్ దాకా ఎండలో నడిచాను. కొండాపూర్ దగ్గర ఊరేగింపు కనిపిస్తే అందులో దూరి, గొంతు పోయేలా "జై తెలంగాణ" అని అరిచాను కూడా. అంత కష్టపడి ఎందుకు వెళ్ళానంటే, కొత్త జాతీయ సిలబస్ కోసం మేం తయారుచేసిన మూడో తరగతి తెలుగు పరీక్షకు జవాబుల కీ నిన్నే ఖరారు చేయాలి. అంతకుముందే కొన్ని బడుల్లో ట్రయల్ పెట్టాం. అందులో ఒక ప్రశ్న: "ఎండలో ఆడితే నీకేమవుతుంది? సొంత మాటల్లో రాయి." ఒక పాప "దూపైతది" అని రాసింది. మావాళ్ళు సున్నా పెట్టారు! పక్కన ఎర్ర ఇంకుతో వ్యాఖ్య ఒకటి: "ధూపం పూజకు సంబంధించినది."

ఆఫీసులో అడుగుపెట్టగానే ఆ పేపరు చూసి ఒళ్ళు మండిపోయింది. బ్యాగు టేబుల్ మీద విసిరికొట్టి మా లీడ్ సుజాత గారి ముందు నిలబడ్డాను. ఆవిడది భీమవరం.

"ఏంది మేడమ్ గిది? సొంత మాటల రాయుమని మనమే చెప్పి, రాస్తే సున్నా ఏసుడేంది? దూప అంటే దాహం! గీ కీ గిట్లనే పోతే రేపు మా పిల్లలందరికీ సున్నాలే!"

"కోప్పడకండి యాదగిరి గారూ. ఊళ్ళల్లో ఎవరో పెద్దవాళ్ళు అంటారేమో. చదువుకున్నవాళ్ళెవరైనా అలా మాట్లాడతారా అండీ?"

"నేను మాట్లాడ్త! ఎం.ఏ. తెలుగు చదివిన. పొద్దున లేస్తే నా నోట్ల గదే మాట!"

ఆవిడ కీ కాగితం ముందుకు లాక్కుని, "సరేనండి, మీరే సాక్ష్యం. కీలో చేర్చేద్దాం" అని పెన్ను తీశారు.

గెలిచాను! ఆఫీసంతా నన్నే చూస్తోంది. నినాదాలతో అప్పటికే ఎండిన గొంతు ఈ అరుపులకు పూర్తిగా పట్టేసింది. కుర్చీలో కూలబడి అన్నాను కదా:

"మేడమ్, చాలా దాహంగా ఉంది. ఆ వాటర్ బాటిల్ కాస్త ఇలా ఇస్తారా?"

పెన్ను ఆగిపోయింది. లెక్కల పేపరు చూసే పక్క సీటాయన ఫక్కున నవ్వాడు. సుజాత గారు మాత్రం నవ్వకుండా బాటిల్ అందించారు.

"దూపైతుందా అండీ?"

నీళ్ళు పొలమారాయి. నేను దగ్గుతుంటే ఆవిడ కీలో ఆ మాట రాసేశారు. "పాపకు మార్కు వేశానండి. మీకు మాత్రం సున్నా."

నా కోపం ఇంకా తగ్గలేదు. చిన్నప్పుడు బళ్ళో "దూపైతుంది సార్" అంటే చెవి మెలిపెట్టేవారు. అప్పుడు నా నోట్లో దూరిన పుస్తకాల భాష ఇప్పటికీ ఖాళీ చేయట్లేదు. ఇంకో గంట తిట్టగలను ఆ పుస్తకాలను. కానీ ఏం లాభం? ఇంతసేపూ మీకు నా గోడంతా ఏ భాషలో చెప్పుకున్నానో చూడండి!