కొండ చెరువు దగ్గర కాకి లేదు

శాంతమ్మ వదినా, మోకాలికి నూనె రాస్తున్నావా? రమణమ్మా, బీపీ మాత్ర మానేయలేదు కదా? ఐసెలిన్‌లో ఉన్న పిన్నీ, నీ దగ్గు తగ్గిందా... మీ అందరి కబురూ తెలీకపోతే నాకు నిద్ర పట్టదు.

మా చిన్నప్పుడు... రైలు గేటు పక్కన ఒకే ఒక్క గది. నాన్న గేటు వేసే మనిషి. వంటా అక్కడే, పడకా అక్కడే, ఐదుగురం. కాళ్ళు చాపితే గోడ తగిలేది. పెద్ద ఇల్లు కట్టాలని నాన్నకి ఎంత ఆశో...

ఇప్పుడు మా అల్లుడు ఈ అమెరికాలో, ఆష్‌బర్న్‌లో నాలుగు పడగ్గదుల ఇల్లు పెట్టుకుని, మమ్మల్ని మూడు రోజులు రేకు డబ్బాలో పడుకోబెట్టడానికి తీసుకెళ్ళాడు. ట్రెయిలర్ అట. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళాలి. పొయ్యి పక్కన మంచం, మంచం పక్కన దొడ్డి... ఛీ. దాన్ని వెకేషన్ అంటారు!

బయట కొండ చెరువు. ఎముకలు కొరికే చలి. దాని చుట్టూ నడవాలట. నాలుగు మైళ్ళు నడిచి ఎక్కడికి పోతారు? బయల్దేరిన చోటికే! తొమ్మిదేళ్ళ మనవరాలికి ముక్కు కారుతోంది బాబూ అంటే, "ఫ్రెష్ ఎయిర్ అత్తయ్యగారూ, మంచిది" అంటాడు. పిల్ల చెవుల్లో దూది పెట్టాను. "అమ్మమ్మా, సో ఎంబరాసింగ్" అని పీకేసింది.

సరిగ్గా ఆ రోజే నాన్న తిథి. కాకికి ముద్ద పెట్టందే నాన్న ఏనాడూ అన్నం తినలేదు. మేం ఆకలని ఏడ్చినా సరే, కాకి ముట్టాకే మా కంచాలు. మాకు అన్నదమ్ములు లేరు... తిథినాడు ఆ ముద్ద నేనే పెడతాను. కాకి తినేదాకా మెతుకు ముట్టను.

వాళ్ళు ముగ్గురూ నడకకి పోగానే వండాను. ముద్దపప్పు, నెయ్యి కలిపి బయట బండ మీద పెట్టి, "నాన్నా, రా" అన్నాను. గంట చూశాను... ఒక్క కాకి లేదు. ఆ చలికి అవి ఎటో పోయుంటాయి. మనుషులకే లేదు ఆ బుద్ధి.

టోపీ పెట్టుకున్న పార్కు మనిషి వచ్చాడు. ఏదేదో చెప్పాడు, "బేర్, బేర్" ఒక్కటే అర్థమైంది. తిండి వాసనకి ఎలుగుబంటి వస్తుందట. నా ముద్ద తీసి ఇనప చెత్తడబ్బాలో పడేశాడు... నాన్న ముద్ద! నాన్నకి నా మీద ఏం కోపమో అని ఒకటే దిగులు.

వాళ్ళు తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం. "షుగర్ పెట్టుకుని పస్తుంటావా అమ్మా!" అని మా అమ్మాయి అరిచింది.

"కాకి ముట్టాలి" అన్నాను.

"కాకిని ఎక్కడ బుక్ చేయమంటారు అత్తయ్యగారూ?" అని అల్లుడు నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. కళ్ళల్లో నీళ్ళూ తిరిగాయి.

పిల్ల చూసింది. "డాడీ, గ్యాస్ స్టేషన్ దగ్గర క్రోస్ ఉన్నాయి. ఐ సా దెమ్. వెళ్దాం, ప్లీజ్" అంది.

ఇరవై మైళ్ళు కొండ దిగాం. పెట్రోలు బంకు వెనక చెత్తకుండీ మీద కాకులు! వెంట తెచ్చిన అన్నంలోంచి ఇంకో ముద్ద పిట్టగోడ మీద పెట్టి వెనక్కి జరిగాం. ఒకటి వాలింది... అటూ ఇటూ చూసి ముద్దలో ముక్కు పెట్టింది. అల్లుడు వెళ్ళి నాకు కారు తలుపు తీశాడు. నేను కార్లో కూర్చుని మూడింటికి అన్నం తిన్నాను.

ఏం రోజులొచ్చాయో... కాకికి ఇంత ముద్ద పెట్టాలన్నా చోటు వెతుక్కోవాలి. మీరెక్కడ పెడుతున్నారో, మీ నాన్నలు ఏం చేసేవారో రాయండి.

అమ్మ తిథికి కొండలూ చెరువులూ వద్దని చెప్పేశాను. పక్క ఊరు షాంటిలీలో మా చెల్లెలు సరోజ పెరట్లో కాకులున్నాయట. అల్లుడే డ్రైవ్ చేస్తానన్నాడు. సరోజా, వచ్చే నెల పన్నెండు, శనివారం, పొద్దున్న పదింటికల్లా వస్తున్నాం.