షాపులో రాని జ్వరం

ముందే చెప్పేస్తున్నాను, ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నా వల్ల కాదు. మా ఇంట్లో నేనేం చెప్పినా సగం కోసేసి వింటారు. మా ఆవిడ ఆ మిగిలిన సగంలోంచి కూడా ఇంకాస్త తీసేస్తుంది. మీరూ అలాగే చదువుకోండి. చివర్లో, ఇందులో నేను సొంతంగా అల్లింది ఏదో నేనే ఒప్పుకుంటాను.

ఇది కిందటేడు డిసెంబరు మాట. మేడ్చల్ బస్ డిపోకి దగ్గర్లో నాకొక కంప్యూటర్ రిపేర్ షాపు ఉంది. దాని వెడల్పు ఎంతంటే, కస్టమర్ లోపలికి రావాలంటే నేను బయటికి వెళ్ళాలి. ఆ చలికాలం ఎంత ఘోరంగా ఉందంటే, పక్క హోటల్లో చాయ్ చెప్పి, కప్పు నోటిదాకా తెచ్చుకునేలోపు దాన్ని చెంచాతో తినాల్సి వచ్చేది.

ఒక ఉదయం ఒకామె ఆటో దిగింది. పసిపిల్లను ఎత్తుకున్నట్టు కంప్యూటర్ కేబినెట్‌ను గుండెకు హత్తుకుని ఉంది. అందరూ సీపీయూ అని పిలిచే డబ్బాను మేం కేబినెట్ అంటాం. దాని లోపల బిస్కెట్టంత చిప్పు ఒకటి ఉంటుంది, అదే ప్రాసెసర్. ఆలోచించేదీ అదే, ఒళ్ళు కాలేదీ దానికే.

ఆమె పేరు మాధవి. షామీర్‌పేట వైపు కొత్త కాలనీలో ఇల్లు. సొంతూరు తణుకు దగ్గర.

"మధ్యాహ్నమైతే చాలండీ, ముందు నత్తలా నడుస్తుంది. ఓ పావుగంటకి టప్పున ఆరిపోతుంది" అంది.

ఈ జబ్బుకి మా దగ్గర పేరుంది. ప్రాసెసర్ మరీ వేడెక్కితే తన ప్రాణం కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. దాన్ని థ్రాట్లింగ్ అంటారు. అప్పటికీ వేడి తగ్గకపోతే మొత్తం ఆపేస్తుంది.

మాధవిగారికి అది ఆరిపోతే ఆరిపోయేది కంప్యూటర్ ఒక్కటే కాదు. ఆమెది మెడికల్ కోడింగ్, అంటే ఆస్పత్రుల కాగితాలు చదివి ఏ జబ్బుకి ఏ నంబరో వేసే పని. ఇంట్లోంచే చేస్తుంది. భర్త పోయాక ఆ ఇంటికి వచ్చే జీతం అదొక్కటే. ఇలా పని మధ్యలో మాయమవుతూ ఉంటే రోజూ ఆఫీసుకి రావాల్సిందేనని పైవాళ్ళు చెప్పేశారట. ఆ ఆఫీసు ఊరికి అవతలి కొసన ఉంది. ఇంట్లో మోకాళ్ళు పట్టేసిన అత్తగారు.

"పొద్దున్న పోతే రాత్రికి గానీ రాలేనండీ. అంతసేపు అత్తయ్యని ఎవరు చూస్తారు? మానేస్తే ఇల్లెట్లా గడుస్తుంది?"

నేను కేబినెట్ విప్పాను. లోపలున్న దుమ్ముతో పక్క ఊరు అత్వెల్లి దాకా మట్టిరోడ్డు వేయొచ్చు. అంతా ఊదేశాను. ప్రాసెసర్ వేడి పైనున్న ఫ్యాన్ దిమ్మెకి అందడానికి మధ్యలో రాసే థర్మల్ పేస్ట్ అనే లేపనం ఎండి బెరడు కట్టింది. గీకి కొత్తది రాశాను. సాయంత్రం దాకా నడిపి చూశాను. చల్లగా ఉంది. నమ్మకంగా పంపించాను.

మూడో రోజు పొద్దున్న మళ్ళీ అదే ఆటో, అదే కేబినెట్.

"నిన్న మధ్యాహ్నం కూడా ఆగిందండీ. మీ దగ్గరుంటే బుద్ధిగా ఉంటుంది, మా ఇంటికొస్తేనే దీనికి జబ్బు."

"పోరగాండ్లు సార్ ముందట ఉన్నట్టే అమ్మా. దీని సంగతి మీ ఇంట్లనే తేల్తది. ముందుగాల లోపల ఒక కావలోణ్ని పెడ్త. ఎప్పుడు ఎంత కాలుతాందో వాడే చెప్తడు."

కావలోడంటే సాఫ్ట్‌వేర్. ప్రాసెసర్ లోపలే వేడిని కొలిచే ఏర్పాటుంటుంది, దాన్ని చదివి తెర మీద చూపించడమే వీటి పని. ఇలాంటివి బోలెడున్నాయి. మూడు రకాలు తీసి ఆమె ముందు పెట్టాను.

నా మనసంతా మొదటిదాని మీదే. తెరవగానే విమానం నడిపే సీట్లో కూర్చున్నట్టుంటుంది. ప్రాసెసర్‌లో ఒక్కో కోర్ వేడి, ఫ్యాన్ వేగం, వోల్టేజీ, అన్నీ అంకెలే. వాటిని చదవడం పూర్తయ్యేలోపు ప్రాసెసర్ వేడెక్కి, చల్లారి, పెన్షన్ కూడా తీసుకుంటుంది.

"నేను నా పని చూసుకోవాలా, దీన్ని చూసుకోవాలా అండీ?" అంది మాధవి.

రెండోది అందగత్తె. గుండ్రటి మీటరు, ఊగే ముల్లు, పైసా ఖర్చు లేదు. కానీ దిగేటప్పుడు నలుగురు చుట్టాలను వెంటబెట్టుకొస్తుంది, మనం అడగని సాఫ్ట్‌వేర్లన్నమాట. పైగా ఇంటర్నెట్‌లో ఎవరికో ఏదో పంపిస్తానని అనుమతి అడుగుతుంది.

"వద్దండీ. రోగుల కాగితాలుంటాయి నా దగ్గర. ఇందులోంచి ఏదీ బయటికి పోకూడదు."

మూడోది చూడ్డానికి ప్రభుత్వాఫీసు బోర్డులా ఉంటుంది. తెర మూల ఒకటే అంకె. చల్లగా ఉంటే ఆకుపచ్చ, వేడెక్కుతుంటే పసుపు, హద్దు దాటితే ఎరుపు. మనం చెప్పిన డిగ్రీ దగ్గర కూత పెడుతుంది. అది చాలంది ఆమె. తయారుచేసినవాళ్ళ సొంత సైటు నుంచే దించి, ఎనభై అయిదు డిగ్రీల దగ్గర కూత పెట్టాను. అది కూసిందంటే ఎక్కడో పేట్ బషీరాబాద్‌లో బండ్లు పక్కకు తప్పుకుంటాయి.

ఆ మర్నాడు మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. షామీర్‌పేట చెరువు మీంచి వచ్చే గాలికి, బండి దిగాక కూడా నా చేతులు హ్యాండిల్‌నే పట్టుకుని ఉన్నాయి.

హాల్లో బల్ల. మాధవి చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని తెర మీదకు వంగి పని చేస్తోంది. కేబినెట్ బల్ల అవతలి పక్కన, వంటింటి గుమ్మాన్ని ఆనుకుని చిన్న పీట మీద ఉంది. కుర్చీలోంచి చూస్తే కనపడదు. అంకె ఆకుపచ్చగా ఉంది.

అత్తగారు సత్యవతమ్మగారు నెమ్మదిగా వచ్చి నా ముందు ప్లేటు పెట్టారు. "పొద్దుటివి బాబూ, వేడి చేశాను. తిను." ఇడ్లీలు. నోట్లో పెట్టగానే పళ్ళతో పని లేకుండా పోయింది.

"ఈ సలిల పిండి ఎట్ల పొంగుతాందమ్మా? మా ఇంట్ల ఇడ్లీ ఇసిరితే గోడకు సొట్ట పడ్తది."

"మీ ఆవిడ వినేట్టు అనకు, రేపట్నుంచి అవీ పెట్టదు" అని ఆవిడ నవ్వుకుంటూ లోపలికెళ్ళారు.

నేను ప్లేటు నాకే స్థితికి వచ్చేసరికి అంకె పసుపైంది. చూస్తుండగానే ఎక్కుతోంది. మాధవి గబుక్కున నా వైపు తిరిగింది. ఎరుపు. కూత.

నేను లేచి బల్ల అవతలికి వెళ్ళి చూశాను. కేబినెట్ నెత్తిన పెద్ద స్టీలు గిన్నె, దానికి రెండు మడతల టర్కీ తువ్వాలు చుట్టి ఉంది. తువ్వాలు అంచు వెనకవైపు వేలాడుతూ ఫ్యాన్‌ను పూర్తిగా కప్పేసింది. ఈ కేబినెట్‌కి వేడి గాలి పోయే దార్లు రెండే, పైన ఒకటి, వెనక ఒకటి. రెండూ మూసుకుపోయాయి. కూతకి బెదిరి సత్యవతమ్మగారు గుమ్మంలోకి వచ్చారు.

"అమ్మా, గిదేంది?" అన్నాను, వీలైనంత మెల్లగా.

"ఇడ్లీ పిండి బాబూ. మా తణుకులో పొయ్యి పక్కన పెడితే చాలు. ఇక్కడ ఎక్కడ పెట్టినా రాయే. ఇదొక్కటే వెచ్చగా ఉంటుంది. పిల్ల తెల్లారకుండానే కుర్చీలో కూర్చుంటుంది, నాలుగు మెత్తగా తింటుందని."

"రోజూ ఈడ్నేనా?"

"మధ్యాహ్నం రుబ్బగానే పెడతాను. కరెంటు పోతే మాత్రం తీసేస్తాను, తను లేచొచ్చి వైర్లు చూసుకుంటుంది కదా, అడ్డమని."

కరెంటు పోయిందని ఆవిడ అనుకున్నవన్నీ ఏమిటో మీకు అర్థమైంది. ఆవిడకీ అప్పుడే అర్థమైంది. గిన్నెను చూశారు, కూస్తున్న కంప్యూటర్ను చూశారు. నేను గిన్నె దించి చేతుల్లో పట్టుకున్నాను.

మాధవి హెడ్‌సెట్ తీసి, "ఏమైందండీ?" అంది కుర్చీలోంచే.

"ఏం లేదమ్మా. ఫ్యాన్ జర కమ్జోర్ అయింది, సరిగ తిరుగుతలేదు. మారుస్త" అన్నాను.

"ఫ్యాను కాదే అమ్మాయ్" అన్నారు సత్యవతమ్మగారు. "నేనే. నీ ఉద్యోగం మీద గిన్నె పెట్టాను."

మాధవి లేచి వచ్చి గిన్నె వైపు ఒక్క క్షణం చూసి పకపకా నవ్వేసింది. "మన ఇడ్లీలకి కాలనీలో అంత పేరెందుకొచ్చిందో ఇప్పుడు తెలిసింది అత్తయ్యా!" అంది. ముగ్గురం ఎంత నవ్వామంటే, ఏం కొంప మునిగిందోనని పక్కింటివాళ్ళు కర్రలతో వచ్చారు.

ఆ రోజు తర్వాత ఆ కంప్యూటర్ మళ్ళీ ఆగలేదు. మాధవిగారు ఇప్పటికీ ఇంట్లోంచే పని చేస్తున్నారు. సత్యవతమ్మగారికి డిగ్రీల గొడవ తెలీదు కానీ రంగులు తెలుసు. మొన్న ఎండాకాలం నేను ఫోన్ చేస్తే, వెనకనుంచి ఆవిడ గొంతు వినపడింది: "అమ్మాయ్, పసుపొచ్చింది, కిటికీ తియ్యి." అప్పట్నుంచి ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని ఎవరడిగినా, మీ ఇంట్లో దాన్ని చూసేది ఎవరని ముందు అడుగుతున్నాను. వాళ్ళకి అర్థమయ్యేదే మంచిది. ఇంకోటి, ఇంట్లో వచ్చే జ్వరాన్ని షాపులో కూర్చుని వెతకడం మానేశాను.

ఇక ఒప్పుకోవాల్సింది. పిండి గిన్నె నిజం, తువ్వాలు నిజం, ఆవిడ అన్న మాట అక్షరాలా నిజం. చలిని మీరు ఎంత కోసుకున్నా నాకు అభ్యంతరం లేదు. నేను అల్లింది ఆ నవ్వు.

ఆ మధ్యాహ్నం ఎవరూ నవ్వలేదు. మాధవి అత్తగారి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, తన పక్కన ఇంకో కుర్చీ లాగి కూర్చోబెట్టింది. అంకె ఆకుపచ్చకు దిగాక, ఎడం చేత్తో ఆ చెయ్యి వదలకుండా, కుడి చేత్తో మళ్ళీ పని మొదలుపెట్టింది. పిండి గిన్నె నా చేతుల్లోనే ఉంది. దాన్నెక్కడ పెట్టాలో వాళ్ళిద్దర్లో ఎవర్నీ అడగలేక, ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను.